పావురం పాటకు పేరు వద్దన్న రాజమల్లు

రాజమల్లు తన గొంతు గురించి చెప్పుకున్న వాటిలో పావు వంతు నిజమైనా, నాంపల్లి స్టేషన్లో రైళ్లు ఇంజన్లు లేకుండా కదలాలి. ఒకసారి గౌలిగూడలో పెళ్లి బరాత్ నడుస్తుండగా కరెంటు పోయిందట. మైకు మూగబోయింది, జనరేటర్ చూసుకునేవాడు బిర్యానీ దగ్గర ఉన్నాడు. రాజమల్లు వట్టి గొంతుతోనే ఎత్తుకున్నాడు. రెండో చరణానికి పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం మోకాళ్లు మడిచి నడిరోడ్డు మీద కూర్చుంది. పాట అయ్యేదాకా లేవలేదు. "గుర్రం కండ్లల్ల నీళ్లు. నేను సూసిన గద!" అంటాడు. మరోసారి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో అతను అందుకున్న పైస్థాయికి పిల్లల రైలు ఆగిపోయిందట. పట్టాలేమీ తప్పలేదు. ఊరికే, వినడానికి ఆగింది.

ఎగ్జిబిషన్‌లో అతను పాడిన మాట అబద్ధమే అయినా, మైకు ముందు కూర్చున్న మాట నిజం. తప్పిపోయిన పిల్లల గురించి చెప్పేది అతనే. "ఎర్ర గౌను ఏసుకున్న పాప, పేరడిగితే ఏడుస్తున్నది, ఎవరి బిడ్డనో జల్ది రావాలె" అని అతను అంటుంటే, తప్పిపోని పిల్లలు కూడా తల్లుల కొంగులు గట్టిగా పట్టుకునేవాళ్లు. ఏటా ఎగ్జిబిషన్ జరిగే ఆ కొద్ది రోజులు పోతే, తక్కిన ఏడాదంతా అబిడ్స్‌లో ఒక రెడీమేడ్ దుకాణం ముందు నిలబడి గిరాకీని పిలవడం అతని ఉద్యోగం. "రా అన్నా, రా అక్కా, సూసి పోవుర్రి, సూస్తే పైసలడుగం." పెళ్లిళ్ల కాలంలో సాయంత్రాలు రత్నాకర్ ఆర్కెస్ట్రాలో పాట. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. "బడి నన్ను ఇడువలె, నేనే బడిని ఇడిచిపెట్టిన. ఇప్పటికీ నా కోసం గంట కొడ్తనే ఉంటరు."

ఆర్కెస్ట్రాలో అతని జోడి కమల. అతనికన్నా రెండేళ్లు పెద్ద. నాంపల్లిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఎల్కేజీ పిల్లలకు పాటలు నేర్పేది. భర్త చనిపోయాక కూతురు ప్రణవితో కిరాయి ఇంట్లో ఉంటోంది. స్టేజీ మీద రాజమల్లు ఆమె వైపు చెయ్యి చాపి, నువ్వు లేక బతకలేనని రాగం తీస్తాడు. పాట కాగానే "అక్కా, జర మంచినీళ్లియ్యి" అంటాడు. ఆమె "ఇగో తమ్మీ" అని సీసా అందిస్తుంది. ఇరవయ్యేళ్లుగా ఇదే వరస. కొత్తగా వచ్చిన తబలా వాళ్లు మొదటి రోజు నవ్వుతారు, రెండో రోజు నుంచి వాళ్లూ అక్కా అంటారు.

ఆ జోడిని భానుతేజ ఒక పెళ్లిలో విన్నాడు. అబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు మూడో అంతస్తులో బొమ్మల సినిమా తీస్తున్న కుర్రాడు అతను. రెండు పావురాల కథ. ఒకటి స్టేషన్ కప్పు మీద పుట్టి పెరిగింది. ఇంకొకటి పెంపుడు పావురం, గూడు దాటి ఎరగదు. వాన పడుతున్న వేళ రెండూ ఒక చూరు కింద నిలబడి పాడుకునే యుగళగీతం సినిమాకు గుండెకాయ. దానికి ట్రాక్ పాడమని ఇద్దరినీ పిలిచాడు.

ట్రాక్ అంటే పెద్ద గాయకులు వచ్చేదాకా పాటను నిలబెట్టి ఉంచే చిన్న గొంతు. స్లాబుకు కొట్టే సెంట్రింగ్ చెక్కల్లాంటిది. గట్టిపడగానే పీకేస్తారు. రాజమల్లు అట్లాంటివి చాలా పాడాడు, అన్నీ పీకేశారు. కానీ బొమ్మల సినిమాలో ఒక తిరకాసు ఉంది. ట్రాక్ విని, అందులో ప్రతి అక్షరానికీ ముక్కు ఎంత తెరవాలో, ఎక్కడ ఊపిరి తీయాలో చూసుకుని బొమ్మ గీస్తారు. అంటే ముందు గొంతు, తరువాత పావురం. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి రాజమల్లు అబిడ్స్‌లో నడుస్తుంటే పక్కవాళ్లు తప్పుకోవాల్సి వచ్చింది. ఛాతీ అంత వెడల్పయింది.

రికార్డింగు రోజు రెండో అంతస్తు దాకా ఎక్కి కమల మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఏందక్కా, ఎవరెస్టు ఎక్కినట్టు జేస్తున్నవు?"

"లిఫ్టు లేదా?"

"ఉండె. ఒకపారి నేను లోపట పాడిన. గప్పటి సంది తలుపు తీస్తలేదు. మల్ల పాడితేనే తీస్తదట."

ఎప్పుడూ నవ్వే ఆమె నవ్వలేదు. మెడ మీద కొంగు కొంచెం జరిపి చూపింది. అక్కడ నిమ్మకాయంత ఉబ్బు.

"వచ్చే వారం ఆపరేషన్. నరం గడ్డకు అంటుకొని ఉన్నదట. మాట ఉంటది, పాట సంగతి చెప్పలేమన్నరు దవాఖానల. రత్నాకర్‌కు చెప్పకు తమ్మీ. ఇయ్యాల పాడేదే ఆఖరుది గావచ్చు. గిదన్న మంచిగ పాడనియ్యి, నన్ను నవ్వియ్యకు."

రాజమల్లు గోడ మీది పాన్ మరకల వంక చూస్తూ నిలబడ్డాడు. తరువాత నోటికొచ్చింది అనేశాడు.

"ఆఖరుది ఎట్లయితదక్కా? సినిమాల నీ గొంతే ఉంటది. పావురం మూతి నీ గొంతుకే గీస్తరు. గీసినంక ఎవలు మారుస్తరు? ఎన్నేండ్లయినా నువ్వు పాడుతనే ఉంటవు. జిమ్మా నాది, మాట ఇస్తున్న."

"నీ జిమ్మా నాకెర్క లేదా! గుర్రాన్ని గూసోవెట్టినోనివి," అంది కమల. కానీ లేచేటప్పుడు అతని భుజం పట్టుకుని లేచింది.

ఈ కాలంలో యుగళగీతాలు ఎవరి వంతు వాళ్లు వేరువేరుగా పాడుతారు. ముందు ఆమె పాడింది. అద్దం ఇవతల రాజమల్లు సౌండు చూసే అంజన్ పక్కన నిలబడ్డాడు. పాటలో పెంపుడు పావురం అడుగుతుంది: "రెక్కలారే దాకేనా నువ్వు, వాన వెలిస్తే పోతావా?" కమల ఆ మాట అడిగినప్పుడు అంజన్ మీటల మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

తరువాత రాజమల్లు లోపలికి వెళ్లి, చెవుల్లో ఆమె గొంతు వింటూ తన వంతు అందుకున్నాడు. అక్కడే పొరపాటు జరిగింది. ఆర్కెస్ట్రా వాళ్లకు ఒక అలవాటుంది. ఆడగొంతు ప్రశ్న వేశాక మగగొంతు వెంటనే జవాబు చెప్పదు. జనం ఈల వేయడానికి కాస్త జాగా వదులుతారు. ఈల పడ్డా పడకపోయినా వదులుతారు. మూసిన గదిలో, ఈల వేసే నాథుడు లేనిచోట, రాజమల్లు అలవాటు కొద్దీ ఆ జాగా వదిలేశాడు. "పోతావా?" అని ఆమె అడిగింది. అతను ఆగాడు. ఆ తరువాతే "చూరు కింద చోటుంటే చాలు, ఊరంతా ఎందుకు మనకు" అని అందుకున్నాడు. తప్పు చేశానని బయటికొచ్చాక తెలిసింది. ఎవరూ ఏమీ అనకపోయేసరికి అతనూ అనలేదు.

ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, ప్రాణం నిలిచింది. గొంతు మాత్రం ఎండుటాకు మీద అడుగేసినట్టు మిగిలింది. పాట సరే, పక్క గదిలో ఉన్న ప్రణవిని పిలవాలన్నా గిన్నె మీద గరిటెతో కొట్టాల్సి వచ్చేది. బడివాళ్లు మంచివాళ్లే, మాన్పించలేదు. పిల్లల గదిలోంచి తీసి ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు.

చూడబోయిన రాజమల్లుతో ఒకరోజు ఆమె ఆ గరగర గొంతుతోనే అంది: "పిల్లలు వచ్చి, పాట చెప్పు టీచర్ అంటరు తమ్మీ. సినిమా రానీ, ఫోన్ల పెట్టి వినిపిస్త. నా గొంతు గిట్లుండె అని చెప్త."

"ఉంటదక్కా. నాంపల్లి అంతటికీ చెప్పిన."

అది మాత్రం అబద్ధం కాదు. చెప్పాడు. ఇరానీ హోటల్లో చాయ్ పోసేవాడికి, కోర్టు ముందు స్టాంపులు అమ్మేవాడికి, బట్టలు కొనడానికి వచ్చి కొనకుండా పోతున్నవాళ్లకు కూడా చెప్పాడు. చెప్పిన కొద్దీ పావురం పెద్దదయింది, కొన్నాళ్లకు అది నెమలంత అయింది. అందరూ తలలూపారు. నమ్మినవాడు ఒక్కడు లేడు.

బొమ్మలు గీయడం అయిపోయాక భానుతేజ కబురు పెట్టాడు. ముందురోజే కమలకు ఆ మాట చెప్పి, రాజమల్లు ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడంతస్తులూ ఎక్కాడు. అంజన్ తెర మీద పాట వేశాడు. రాజమల్లు మొదటిసారి పావురాలను చూశాడు. వాన, చూరు, తడిసిన రెండు పక్షులు. పెంపుడు పావురం "పోతావా?" అని అడిగింది. మగ పావురం జవాబు చెప్పలేదు. తల తిప్పి వాన వైపు చూసింది. ఒక కాలు ఎత్తింది, దించింది. ఆమె వైపు చూసింది. అప్పుడు ముక్కు తెరిచింది. ఈల కోసం వదిలిన ఖాళీలో బొమ్మ గీసేవాళ్లు ఒక బతుకంత సందేహం గీసి పెట్టారు.

"అన్నా, ఇక్కడే మేం ఇరుక్కుపోయాం," అన్నాడు భానుతేజ. "ముంబై నుంచి పెద్దాయన వచ్చి పాడాడు. గొప్పగా పాడాడు. కానీ ఆమె అడగ్గానే 'చూరు కింద' అని మీద పడుతున్నాడు. గ్యాప్ ఇచ్చి చూశాం. ఆగుతున్నాడు కానీ ఆగిన తరువాత వచ్చే గొంతులో భయం లేదు. మీ గొంతులో ఉంది. ఆ పాజ్ మీకెలా తట్టిందన్నా?"

ఈల కోసం అని నాలుక చివరిదాకా వచ్చింది. "నేను పావురమై ఆలోచన జేసిన సార్," అన్నాడు రాజమల్లు.

"అందుకే మగ గొంతు మీదే ఉంచేస్తున్నాం."

ముప్పయ్యేళ్లుగా ఎదురుచూసిన మాట అది. వినగానే గది పైకప్పు ఎగిరిపోవాలి, అబిడ్స్ సర్కిల్లో బండ్లన్నీ ఆగి హారన్లు కొట్టాలి. ఏమీ జరగలేదు. ఏసీలోంచి నీళ్లు బకెట్లో పడుతున్నాయి.

"మరి అక్కది?"

భానుతేజ అంజన్ వైపు చూశాడు. అంజన్ తల దించుకుని మీట నొక్కాడు. ఇంకో ఆడగొంతు వచ్చింది. చాలా పేరున్న గొంతు. ఊపిరి ఊపిరికీ పావురం ముక్కుకు సరిపోయింది. ఆ అమ్మాయి బాగా పాడింది. చెత్తగా పాడి ఉంటే రాజమల్లు అక్కడే కొట్లాట పెట్టుకునేవాడు. బాగా పాడింది, అదే మింగుడు పడలేదు.

"పాటలు కొనే కంపెనీవాళ్లు ఒక్క పేరన్నా పెద్దది ఉండాలన్నారు. నేను అడిగానన్నా. నిజంగా అడిగాను."

"ఒక్కపారి అక్కది పెట్టు అంజన్."

కమల గొంతు వచ్చింది. ఇందాకటి గొంతంత నునుపు కాదు. పైస్థాయిలో కొంచెం ఒరుసుకుంది, గడ్డకు తగిలి కాబోలు. ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం, జవాబు ముందే తెలిసిన మనిషి అడిగినట్టుంది.

ఉంటే ఇద్దరిదీ ఉండాలె, లేకుంటే నాది గూడ తీసెయ్యుర్రి. ఈ మాట రాజమల్లు లోపల తయారుగా ఉంది. ఒకసారి లోపలే అనుకుని చూసుకున్నాడు, బాగానే ఉంది. నోరు తెరిచాడు. తెరిచి, మంచినీళ్లు అడిగాడు. తాగాడు. తెర మీద పావురం ఒక కాలు ఎత్తి ఆగిపోయి ఉంది. ఆ పక్షిలోంచి తన గొంతు రావడం ఇప్పుడే విన్నాడు. దాన్ని పీకెయ్యమని అనడానికి ఎంత బలం కావాలో అంత బలం తనలో లేదని తెలిసిపోయింది. గ్లాసు కింద పెట్టి, కాదని అనకుండానే ఊరుకున్నాడు.

"టైటిల్స్‌లో మీ పేరు పెద్దగా వేస్తాం," అన్నాడు భానుతేజ.

"వద్దు."

"ఏంటన్నా?"

"నా పేరు వద్దు సార్. ఇంకెవ్వల పేరన్న పెట్టుర్రి. నేను పాడిన్నని మీరు గూడ ఎక్కడా చెప్పొద్దు. గదొక్కటి జేయుర్రి నాకు."

"ఎందుకు?"

"చెప్తె పెద్ద కత. నా కతలు ఎవ్వలు నమ్మరు."

అటు నుంచి అటే నడిచి కమల ఇంటికి పోయాడు. దారి పొడవునా కథ కట్టుకుంటూ పోయాడు. ఇంతకుముందు ఏ కథకూ అంత కష్టపడలేదు. తలుపు తీసిన ప్రణవి అతని ఇస్త్రీ చొక్కా చూసి, "ఏంది మామా, పెండ్లి సూపులా?" అంది. లోపల కమల కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"తీసేసిన్రక్కా," అన్నాడు. "ఇద్దరివీ."

"నిన్ను గూడనా?"

"నన్నే ముందుగాల తీసిన్రు. బొంబాయి నుంచి ఒకడు దిగిండు. ఏం మనిషనుకున్నవ్! కారు దిగుతుంటే ముందు చక్రం అబిడ్స్‌ల, ఎనక చక్రం నాంపల్లి స్టేషన్ల. మనిషి ఏడడుగులు. గొంతు సవరిస్తే కింద చెప్పుల దుకాణంల డబ్బలన్ని వడ్డయి. వాడు పాడుతుంటే నా గొంతు నాకే, ఏం జెప్పాలె, పాత సైకిలు బెల్లు లెక్క వినవడ్డది. నేనే అన్న, సార్, నాది తీసెయ్యుర్రి, ఇజ్జత్ వోతది అని."

ప్రణవి నవ్వింది. కమల కూడా నవ్వింది. చప్పుడు లేకుండా భుజాలు కదిలాయి. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పోనీలే తమ్మీ," అంది. "నన్నొక్కదాన్నే తీసేసి నిన్ను ఉంచితే ఎట్లుంటదో అని రాత్రంత అనుకున్న. నీకు మంచిదేనాయె, నేను సంబురపడాలె గద. పడ్తనో పడనో అని భయమైంది. ఇప్పుడు ఫికర్ లేదు. జోడి జోడిగనే పోయింది."

రాజమల్లు ఆ ఇంట్లో చాయ్ తాగకుండా లేవడం అదే మొదటిసారి.

సినిమా వానాకాలంలో వచ్చింది. ఎక్కువ ఆడలేదు, కానీ పాట నిలబడింది. ఫోన్లలో, ఆటోల్లో, స్కూలు వ్యానుల్లో అదే. ఇరానీ హోటల్లో రత్నాకర్ చెవి ఒగ్గి విన్నాడు.

"మల్లూ, అచ్చం నీ గొంతే ఉన్నది గదరా?"

"నాది గాదు. ఎవడో బొంబాయోడు."

"మరి ఇన్ని దినాలు పాడిన పాడిన అని ఊరంత డప్పు గొట్టినవు?"

"అబద్ధం చెప్పిన."

రత్నాకర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నాకెర్కే," అని చాయ్ వైపు తిరిగాడు. చాయ్ పోసేవాడు నవ్వాడు, స్టాంపులవాడు నవ్వాడు. మైకు లేకుండా గుర్రాన్ని కూర్చోబెట్టిన సంగతి దగ్గర నుంచి ఇన్నేళ్లలో రాజమల్లు చెప్పిన ఏ మాటనూ నాంపల్లి నమ్మలేదు. ఈ ఒక్కదాన్ని సాక్ష్యం అడగకుండా నమ్మేసింది.

దుకాణంలో ఇంకా ఘోరం. సేటుకు ఆ పాట నచ్చింది. గుమ్మం పైన స్పీకరు పెట్టించి పొద్దున్నుంచి అదే తిప్పుతున్నాడు. పై నుంచి రాజమల్లు పాడుతుంటాడు, కింద రాజమల్లు అంగీలున్నయి లాగులున్నయి అని అరుస్తుంటాడు. పాట తన వంతుకు వచ్చినప్పుడల్లా ఇంకాస్త గట్టిగా అరుస్తాడు. సేటు సంతోషించాడు, ఈ మధ్య మనిషికి హుషారొచ్చిందని.

ఒక ముసురు మధ్యాహ్నం కమల, ప్రణవి బట్టలు కొనడానికి అటు వచ్చారు. రాజమల్లు దూరం నుంచే చూశాడు. లోపలికి పరుగెత్తి స్పీకరు ఆపేద్దామంటే సేటు గల్లా దగ్గరే ఉన్నాడు. వాళ్లు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాట మొదలైంది.

"రా అన్నా, రా అక్కా! కొత్త మాలొచ్చింది, కొత్త మాలు!" అని అరిచాడు. మెడ నరాలు తేలేలా అరిచాడు. పక్క దుకాణంవాళ్లు తొంగి చూశారు.

కమల దగ్గరికొచ్చి అతని మోచేతి మీద చెయ్యి వేసింది. ఊకో అన్నట్టు. అతను ఆగాడు.

ఇద్దరూ చూరు నీళ్లకు కొంచెం పక్కకు జరిగి నిలబడ్డారు. ఆ పేరున్న గొంతు అడిగింది. పావురం ఆగింది. తరువాత మగ గొంతు వచ్చింది. కమల తల వంచుకుని, స్టేజీ మీద తన వంతు కోసం ఎదురుచూసేటప్పుడు నిలబడినట్టే నిలబడింది. మళ్లీ ఆడగొంతు వచ్చినచోట ఆమె పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు. ఇరవయ్యేళ్లు పక్కన నిలబడి పాడిన మనిషికి ఇది ఎవరి గొంతో చెప్పాల్సిన పని లేదని రాజమల్లుకు అర్థమైంది. ఆమె ముఖం వైపు చూడలేక ఆమె చెప్పుల వైపు చూశాడు. వాటి మీద బురద చిందింది.

పాట అయిపోయింది.

"బాగ పాడిండు తమ్మీ, ఆ బొంబాయి పిలగాడు," అంది ఆమె. ఆ గరగరను వినడానికి అతను వంగాల్సి వచ్చింది.

"ఔ అక్కా."

"పేరేంది?"

రాజమల్లుకు తెలియదు. భానుతేజ ఏ పేరు వేశాడో అతను ఎన్నడూ చూడలేదు. ఏదో ఒకటి కల్పించి చెప్పవచ్చు, కల్పించడం అతనికి ఎడమచేతి పని. ఈసారి కల్పించలేదు, తెల్వదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"తెలుసుకో," అంది కమల. "గంత మంచిగ పాడినోని పేరు ఎవలకూ తెల్వకుంటే ఎట్ల?"

చెయ్యి తీసేసి, కూతురిని తీసుకుని పక్క దుకాణం వైపు నడిచింది. ఈ దుకాణంలోకి రాలేదు. ప్రణవి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, ఏమైందో తెలియక. గొడుగుల మధ్య ఇద్దరూ కలిసిపోయారు.

గల్లా దగ్గర నుంచి సేటు "ఏం రాజమల్లు, గొంతు వోయిందా?" అన్నాడు. వానకు గిరాకీ లేదు. గొడుగుల్లో పోయేవాళ్లెవరూ ఇటు చూసేలా లేరు. అయినా రాజమల్లు గొంతు సవరించుకుని, రా అన్నా, రా అక్కా అని మొదలుపెట్టాడు. వెనక స్పీకరులో పాట మళ్లీ మొదటి నుంచి వచ్చింది.